ఎండకు మొక్క ఏం చేస్తుందో చదివితే మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. బోటనీ ఆమె ప్రధాన సబ్జెక్టు. ఎండ తీవ్రత పెరిగినప్పుడు మొక్కలు తమ జన్యువుల పనిని ఎలా మార్చుకుంటాయో కాలేజీలో ఒక ఉపన్యాసం విన్నప్పటి నుంచి, ప్లాంట్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ చేసి అదే విషయం మీద పరిశోధన చేస్తానంటోంది. ఇంజనీరింగ్ చదివిన మా బంధువుల అబ్బాయి ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ (జీవుల జన్యు సమాచారాన్ని కంప్యూటరుతో విశ్లేషించే) కోర్సు చేసి నెలకు యాభై వేలు తెచ్చుకుంటున్నాడు, ఆమెనూ అదే చేయమంటున్నాడు. మాకు ఆమె ఒక్కతే కూతురు. రెంటినీ పోల్చి ఏది మేలో చెప్పగలరు.

జవాబు: మీరు పోలిక అడిగారు, చెబుతాను. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది “మాకు ఆమె ఒక్కతే కూతురు” అన్న వాక్యం. చదువు ఎప్పటికి ముగుస్తుంది, పెళ్లి మాట ఎప్పుడు ఎత్తాలి, మొక్కలు చదివిన పిల్లకు ఎవరు జీతం ఇస్తారు, మేము పెద్దవాళ్లమయ్యేసరికి ఆమె నిలదొక్కుకుంటుందా అన్న భయాలన్నీ అందులో ఉన్నాయి. ఇన్నేళ్లలో ఇదే భయాన్ని ఎన్నో ఉత్తరాల్లో చదివాను. అది సహజమైనదే కానీ, దాన్ని అమ్మాయి ఎంచుకున్న సబ్జెక్టు మీదికి నెట్టడం న్యాయం కాదు.

ముందుగా ఆమె చదవాలనుకుంటున్నది ఏమిటో తెలుసుకోండి. మామిడి కొత్త చిగురు రాగిరంగులో ఉండటం మీరు ఏటా చూస్తూనే ఉంటారు. వెలుతురును పూర్తిగా వాడుకునే శక్తి ఇంకా రాని లేత ఆకును ఆ ఎర్రని ఆంథోసయానిన్ వర్ణకం ఎండ నుంచి కాపాడుతుందని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. ముదిరిన ఆకుకూ ఇదే చిక్కు ఉంది. పత్రహరితం పీల్చుకున్న శక్తి కిరణజన్య సంయోగక్రియ వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువైతే, మిగిలిన శక్తి వల్ల హరితరేణువులో ఆక్సిజన్ హానికర రూపాలు పుడతాయి. అప్పుడు హరితరేణువు నుంచి కేంద్రకానికి సంకేతాలు వెళ్తాయి. వెలుతురును పట్టే ప్రోటీన్ల జన్యువుల పని తగ్గుతుంది. ఆ హానికర ఆక్సిజన్‌ను అణిచే ఎంజైముల జన్యువులు, రక్షక వర్ణకాలను తయారుచేసే జన్యువులు చురుకవుతాయి. పరిశోధనలకు ఎక్కువగా వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో కొన్ని జన్యువుల ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు) మోతాదు ఒక్క నిమిషం లోపే మారడం కనిపించింది. తిరిగి నీడ పడగానే ఆ ఆర్‌ఎన్‌ఏలలో చాలావరకు నిమిషాల్లోనే తగ్గిపోవడం ఇంకా అద్భుతమైన విషయం. కాలు కదపలేని జీవి ఎండను ఎదుర్కొనే తీరు ఇది. ఒక ఉపన్యాసంతో మీ అమ్మాయి దీనికి ఆకర్షితురాలైందంటే ఆమె శ్రద్ధగా విన్నదని నేను సంతోషిస్తున్నాను.

ఇక ఆరు నెలల కోర్సు సంగతి. దాని మీద నాకున్న అనుమానాలను దాచుకోను. ఆ కోర్సుల్లో సాధారణంగా శుభ్రం చేసిన పట్టిక ఒకటి చేతికిచ్చి, ఏ జన్యువు పెరిగిందో, ఏది తగ్గిందో లెక్క తీయడం నేర్పుతారు. ఆ పట్టిక పుట్టిన గదిలో ఏం జరిగిందో నేర్పరు. ఒక ఉదాహరణ చెబుతాను. మొక్కకు జీవగడియారం ఉంటుంది కనుక, ఏ ఒత్తిడీ లేకపోయినా వేల జన్యువుల పని ఉదయానికీ మధ్యాహ్నానికీ మారిపోతుంది. మామూలు వెలుతురులో ఉన్న మొక్కల ఆకులను ఉదయం ఎనిమిదింటికి, తీవ్రమైన వెలుతురు పెట్టిన వాటి ఆకులను మధ్యాహ్నం రెండింటికి కోస్తే, వచ్చే జాబితాలో చాలా భాగం గడియారానిదే అవుతుంది. బలమైన దీపం ఆకును వేడెక్కిస్తే, వెలుతురు వల్ల వచ్చిన మార్పులని చూపేవాటిలో వేడికి స్పందించే జన్యువులు కలిసిపోతాయి. కంప్యూటరు ఈ రెండు తప్పులనూ పట్టుకోదు, ఎంతో నమ్మకంగా గ్రాఫు గీసి ఇస్తుంది. ఆకు ఉష్ణోగ్రత కొలిచారా, ఏ వేళకు కోశారు అని అడగగలిగినవారే ఆ లెక్కకు విలువ తెస్తారు. మీ బంధువుల అబ్బాయికి ఉద్యోగం రావడంలో అతని ఇంజనీరింగ్, ప్రోగ్రామింగ్ పునాది పాత్ర చాలా ఉండి ఉంటుంది. ఆ పునాది లేని బోటనీ విద్యార్థినికి ఆరు నెలల సర్టిఫికెట్ అదే ఫలితం ఇస్తుందని నేను హామీ ఇవ్వలేను.

జన్యువులు మార్చి దిగుబడి పెంచే వార్తలను కూడా మీ అమ్మాయి జాగ్రత్తగా చదవాలి. తీవ్రమైన ఎండ నుంచి నీడలోకి వచ్చిన ఆకు రక్షణ స్థితి నుంచి త్వరగా తేరుకునేలా మూడు జన్యువుల పనిని పెంచి, అమెరికాలోని ఇల్లినాయిస్‌లో పొగాకు మొక్కల పెరుగుదలను సుమారు 15 శాతం హెచ్చించినట్లు 2016లో ప్రకటించారు. 2022లో సోయాబీన్‌లో కొన్ని రకాల దిగుబడి 33 శాతం వరకు పెరిగిందన్నారు, కానీ రెండో ఏడాది గాలివానకు పైరు ఒరిగిపోయి ఆ లాభం కనిపించలేదు. ఇది గొప్ప పరిశోధనే. అయితే ప్రయోగశాలలో అరాబిడాప్సిస్‌ను సాధారణంగా 100 నుంచి 150 మైక్రోమోల్స్ (వెలుతురు తీవ్రతకు కొలత) వెలుతురులో పెంచుతారు, మన వేసవి మిట్టమధ్యాహ్నం ఎండ 2000 దాకా ఉంటుంది. గదిలో ఒత్తిడి అనిపించుకున్నది మన మిరప చేనుకు రోజువారీ బతుకు. ఆ దూరాన్ని దాటించడానికి ఇంకా ఎంతో పని మిగిలి ఉంది, ఆ పనికి మొక్కా తెలిసి, లెక్కా తెలిసిన మనుషులు కావాలి.

ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. బంధువుల అబ్బాయి జీతం రాశారు గానీ మీ అమ్మాయి మార్కులు రాయలేదు, ఆ ఉపన్యాసంలో ఆమెకు ఏం నచ్చిందో రాయలేదు. అడిగి ఉండరని అనుకుంటున్నాను. ఇరవై ఏళ్ల పిల్ల ఒక విషయం మీద పట్టుబడుతోందంటే అది మొండితనమని తేల్చే ముందు ఒక సాయంత్రం కూర్చుని వినడం తండ్రిగా మీ బాధ్యత.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపై పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు పడుతుంది. జాతీయ స్థాయిలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37,000 రూపాయలు, సాధారణంగా రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు వస్తాయి, ఇంటి అద్దె భత్యం అదనం. అది అందరికీ దొరకదు, పీహెచ్‌డీ అయినవారందరికీ శాశ్వత బోధనోద్యోగాలూ లేవు. అందుకే ఎమ్మెస్సీలోనే ఆర్‌ఎన్‌ఏ వేరుచేయడం, రియల్ టైమ్ పీసీఆర్ (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) చేయడం చేతికి అలవాటు కావాలి, ‘ఆర్’ లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అదే సమయంలో నేర్చుకోవాలి. ఈ నైపుణ్యాలు ఉన్నవారిని విత్తన సంస్థల ప్రయోగశాలలూ తీసుకుంటాయి. ఆ రకంగా చూస్తే మీరు అడిగిన రెండు దారుల్లో ఆరు నెలల కోర్సు ఎమ్మెస్సీ దారిలో ఇమిడిపోతుంది, తిరగేస్తే మాత్రం ఇమడదు.

దూరం గురించి దిగులు వద్దు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అన్నీ మీకు సుమారు 200 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పెళ్లికీ పరిశోధనకూ వైరం లేదు, పరిశోధన చేస్తూనే సంసారం నడుపుతున్న అమ్మాయిలను నేను ఎందరినో చూశాను. ప్రవేశ పరీక్షల వివరాలు ఆమెకే బాగా తెలిసి ఉంటాయి కనుక వదిలేస్తున్నాను. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో సైన్స్ అకాడమీల వేసవి పరిశోధన ఫెలోషిప్పుకు తప్పక దరఖాస్తు చేయమనండి. ప్రయోగశాలలో రెండు నెలలు నిలబడితే ఈ పని తనకు సరిపడుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది, సరిపడకపోతే మారడానికి అప్పటికి ఆలస్యమేమీ కాదు.

ఈలోగా ఆమెను ఒక ప్రశ్న అడగండి. షేడ్ నెట్ కింద పెరిగిన మిరప నారును ఒక్కసారిగా ఎండలోకి తెస్తే ఎందుకు మాడిపోతుంది, కొన్ని రోజులు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేస్తే ఎందుకు నిలబడుతుంది? ఆమె చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి.