రంగు పోతే మట్టి బాగుపడినట్టేనా?

ప్రశ్న: మా స్థలం పక్కన ఇదివరకు అద్దకం యూనిట్ ఉండేది. అది మూతపడినా మా మట్టికి ఎర్ర, నీలం మరకలు పోలేదు. చక్కెర నీళ్లు పోసి, ఎంజైముల పొడి చల్లితే రంగు విరిగిపోతుందని ఒకాయన చెప్పారు. నమ్మొచ్చా మేడమ్? ఆ తర్వాత కూరగాయలు వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రంగు విరుగుతుందమ్మా, అది నిజమే. విరిగాక ఏమవుతుందో ఆయన చెప్పలేదు. నా భయమంతా అక్కడే.

బట్టల రంగుల్లో సగానికి పైగా అజో రకానివి. వాటిలో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య జంటబంధం ఉంటుంది. రంగు కనబడేది దానివల్లే. గాలి అందని తడిమట్టిలో కొన్ని బాక్టీరియా అజోరిడక్టేజ్ అనే ఎంజైముతో ఆ బంధాన్ని తెంచేస్తాయి. అందుకు ఎలక్ట్రాన్లు కావాలి. చక్కెర తిన్నప్పుడు వాటికి దొరికేవి అవే.

మా ల్యాబులో పిల్లలకు ఇది చేసి చూపించేదాన్ని. బిగుతుగా మూత పెట్టిన సీసాలో బురద, ఎర్ర రంగు, కాస్త గ్లూకోజు. కొన్నాళ్లకు ఎరుపు పోయి నీళ్లు తేటపడేవి. పిల్లలు సంబరపడుతుంటే, ఆ నీళ్లు ఎక్కడా పారబోయొద్దని గట్టిగా చెప్పేదాన్ని. రంగు విరిగిన చోట అరోమాటిక్ అమీన్లనే రసాయనాలు మిగులుతాయి. వాటికి రంగుండదు. కొన్ని రంగుల నుంచి వచ్చే బెంజిడీన్ మూత్రాశయ క్యాన్సర్ తెస్తుంది. మరక కనబడినన్నాళ్లు మనం జాగ్రత్తపడతాం, అది పోతే ధైర్యంగా చెయ్యి పెట్టేస్తాం. అందుకే ఇక్కడితో ఆగకూడదు. మట్టిని తిరగేసి గాలి ఆడనిస్తే వేరే బాక్టీరియా ఈ అమీన్లలో చాలావాటిని తినేస్తాయి. గంధకం ఉండే సల్ఫోనేటు గుంపులు అంటుకున్నవి మాత్రం మొండిగా మిగులుతాయి.

ఇక ఎంజైముల పొడి. రంగుల మీద బాగా పనిచేసే లాకేజ్ అనే ఎంజైమును 1883లో జపాన్ శాస్త్రవేత్త యోషిదా లక్క చెట్టు పాలలో గుర్తించారు. చెక్కను కుళ్లబెట్టే తెల్లకుళ్లు శిలీంధ్రాల్లోనూ ఇది ఉంటుంది. దీనికి గాలిలోని ఆక్సిజన్ చాలు. పెరాక్సిడేజ్‌లనే మరో రకం ఎంజైములకైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి, అదీ కొద్దికొద్దిగానే. ఒక్కసారిగా పోస్తే ఎంజైమే చెడిపోతుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము గ్లూకోజునూ ఆక్సిజన్‌నూ వాడుకుని పెరాక్సైడ్‌ను అలా మెల్లగా తయారుచేస్తుంది.

చూశారా, చక్కెరకు ఇక్కడ రెండు పనులు: బాక్టీరియాకు ఎలక్ట్రాన్లివ్వడం, పెరాక్సైడ్ తయారీకి సరుకవ్వడం. మొదటిదానికి గాలి ఉండకూడదు, రెండోదానికి గాలి లేకుండా కుదరదు. రెండూ కలిపి ఒకేసారి చల్లితే ఏదీ సరిగ్గా సాగదు. పైగా ఆరుబయట మట్టిలో ఉన్న సూక్ష్మజీవులు చక్కెరను ముందే తినేస్తాయి. ఎంజైము కూడా ప్రొటీనే కాబట్టి దాన్నీ వదలవు. మిగిలింది బంకమట్టికి అంటుకుని మందగిస్తుంది. అందుకే పరిశోధకులు ఎంజైమును బయోచార్ (గాలి అందకుండా మాడ్చిన మొక్కల బొగ్గు) లాంటి వాటికి పట్టించి వాడి చూస్తున్నారు. నన్నడిగితే పొడి కన్నా, రంపపు పొట్టు మీద పెంచిన తెల్లకుళ్లు శిలీంధ్రాన్నే మట్టిలో కలపడం మేలంటాను. తిండి దొరికినన్నాళ్లు అది ఎంజైములను తనే తయారుచేసుకుంటుంది.

కూరగాయలు మాత్రం ఇప్పుడే వద్దు. కొన్ని రంగుల్లో క్రోమియం, రాగి ఉంటాయి. వాటిని చక్కెరా విరగ్గొట్టలేదు, ఎంజైమూ విరగ్గొట్టలేదు. మట్టిని పరీక్షకు ఇచ్చేటప్పుడు రంగుతోపాటు అరోమాటిక్ అమీన్లు, క్రోమియం, రాగి, ఉప్పు శాతం కూడా చూడమని రాసివ్వండి. బావి దగ్గర్లో ఉంటే ఆ నీళ్లూ పంపండి. ఫలితాలు వచ్చేదాకా పిల్లల్ని ఆ మట్టిలో ఆడనివ్వకండి.