బీజగణితం మొదలుపెట్టే ముందు సమానం గుర్తును సరిచేయండి

ఏడో తరగతిలో లెక్కల్లో వెనకబడిన పాతిక మంది పిల్లలను మీకు అప్పగించి, రోజూ రెండు పీరియడ్లు అదనంగా ఇచ్చి, ఎనిమిదో తరగతి బీజగణితానికి సిద్ధం చేయమన్నారని రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కాలే రాని పిల్లలకు సమీకరణాలు చెప్పవచ్చా అని అడిగారు. నేను తెలంగాణలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 19 ఏళ్ళుగా గణితం చెబుతున్నాను. ఇలాంటి ప్రత్యేక తరగతులను నాలుగు సంవత్సరాలు నడిపాను. మొదటి సంవత్సరం రెండు పీరియడ్లు దొరికాయి కదా అని రెట్టింపు లెక్కలు చేయించాను. పిల్లలు రెట్టింపు తప్పులు చేశారు, వాటికి అలవాటు పడిపోయారు కూడా. అందుకే మీకు చెప్పే మొదటి మాట ఇది: అదనపు సమయాన్ని ఎక్కువ లెక్కలకు కాక, తక్కువ విషయాల మీద ఎక్కువసేపు నిలవడానికి వాడండి.

మొదటి రెండు రోజులు పాఠం చెప్పకండి. బోర్డు మీద 8 + 4 = □ + 5 అని రాసి, గడిలో ఏముండాలో అడగండి. నేను చూసిన ప్రతి బృందంలోనూ చాలామంది 12 అనే రాశారు, కొందరు అన్నీ కూడి 17 అన్నారు, 7 అన్నవారు ఇద్దరో ముగ్గురో. కారణం వెతికితే మన మాటలోనే కనిపిస్తుంది. ‘ఎనిమిదీ నాలుగూ కలిపితే పన్నెండు వస్తుంది’ అని ఒకటో తరగతి నుంచీ చెప్పుకుంటూ వచ్చాం కాబట్టి, ఆ గుర్తుకు ‘వస్తుంది’ అనే అర్థమే పిల్లవాడి మనసులో స్థిరపడింది. ‘ఇటున్నదీ అటున్నదీ ఒకటే’ అనే అర్థం అతనికి ఎవరూ చెప్పలేదు. 5 + 3 = 8 × 2 = 16 − 4 = 12 అని గొలుసుకట్టుగా రాసే పిల్లల నోటుపుస్తకాలు మీరూ చూసే ఉంటారు. చివరి జవాబు సరిగ్గా ఉంది కదా అని నేను చాలా ఏళ్ళు వాటికి టిక్కు పెట్టాను. ఆ వరుస ప్రకారం 8, 16, 12 మూడూ సమానమే అవుతాయి! సమానత్వం అంటే ఏమిటో తెలియని పిల్లవాడికి సమీకరణం ఎన్ని విధాల చెప్పినా అది కంఠస్థం చేయవలసిన తంతుగానే మిగులుతుంది.

అందుచేత మొదటి మూడు వారాలు ఈ గుర్తు మీదే ఉండండి. 9 = 4 + 5 ఒప్పా తప్పా అని అడిగితే ‘తిరగేసి రాసిండ్రు మేడం’ అంటారు. 7 = 7 అని రాస్తే అసలు అది లెక్కే కాదంటారు. అప్పుడు వెంటనే సరిదిద్దకుండా వాళ్ళలో వాళ్ళను వాదించుకోనివ్వండి. తర్వాత 37 + 48 = 38 + □ ఇచ్చి, కూడకుండా చెప్పమనండి. ఒకవైపు ఒకటి పెరిగింది కాబట్టి రెండోది ఒకటి తగ్గాలి, కనుక 47 అని ఒక పిల్ల లేచి చెప్పిన రోజున బీజగణితం మొదలైనట్టే, అక్షరం ఇంకా రాకపోయినా. ఈ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ గణితవేత్త ప్రవేశపెట్టాడని, రెండు సమాంతర రేఖలకన్నా సమానమైనవి మరేవీ ఉండవని అందుకు కారణం చెప్పాడని పిల్లలకు చెబితే, ఆ రెండు గీతలను వాళ్ళు మళ్ళీ జాగ్రత్తగా చూస్తారు.

ఆ తర్వాత తక్కెడ. మా ఊరి సంతలో కూరగాయలమ్మే ఆమె దగ్గర పాత తక్కెడ అడిగి తెచ్చాను. పిల్లలు ముందు ఖాళీ పళ్ళాలు సరితూగుతున్నాయో లేదో చూశారు, తేలిన వైపు చిన్న బరువును పాసంగంగా కట్టి సరిచేశారు, ఆ తర్వాతే తూకం మొదలుపెట్టారు. ఒకవైపు సమానమైన మూడు ఇసుక పొట్లాలు, ఐదు గోళీలు, రెండోవైపు ఇరవై గోళీలు పెట్టి, పొట్లం విప్పకుండా ఒక్కొక్కటి ఎన్ని గోళీల బరువుందో చెప్పమన్నాను. రెండువైపులా ఐదేసి తీసేశారు, మిగిలిన పదిహేనును మూడు సమభాగాలు చేశారు. ఒక పొట్లం బరువును ‘క’ అనుకుని, బోర్డు మీద దానినే 3క + 5 = 20 అని రాశాను. మొదట్లో ఎక్స్ వాడను, దానిని పిల్లలు గుణకారం గుర్తుగా పొరబడతారు. పది పన్నెండు రోజులు ‘క’తో గడిచాక ఎక్స్ తెస్తే ఏ గొడవా ఉండదు.

పక్షాంతరం, అంటే సమానం గుర్తుకు ఒకవైపున్న పదాన్ని రెండోవైపుకు మార్చడం అనే మాటను దీపావళి దాకా ఎత్తకండి. ‘అటు పోతే గుర్తు మారుతుంది’ అని నేనే ఒకప్పుడు పాటలాగా చెప్పించాను. దాని ఫలితంగా 3క = 12 అనే లెక్కలో క = 12 − 3 = 9 అని రాసిన పిల్లలను ఇప్పటికీ మరచిపోలేను. వాళ్ళు నేను చెప్పిందే చేశారు. ప్రతి అడుగులోనూ రెండువైపులా ఏం చేశామో పక్కన రాయించండి, చివర వచ్చిన విలువను మొదటి సమీకరణంలో వేసి సరిచూడమనండి. ఈ సరిచూడటం అలవాటైతే జవాబు ఒప్పో కాదో మీ ముఖం చూసి తెలుసుకోవలసిన అవసరం పిల్లలకు తప్పుతుంది.

భిన్నాలకు మరో నెల కేటాయించండి, ఇందులో రాజీ పడవద్దు. పావుకు ఎనిమిదో వంతు కలిపితే 2/12 అని రాసే పిల్లవాడి తండ్రి రైతు. ఎకరానికి 40 గుంటలని ఆ పిల్లవాడికి నాకన్నా బాగా తెలుసు. పావెకరం పది గుంటలు, ఎనిమిదో వంతు ఐదు గుంటలు, కలిపితే పదిహేను. నీ జవాబు ప్రకారం ఆరో వంతు, అంటే ఏడు గుంటలు కూడా లేదు, ఉన్న భూమికి మరికొంత కలిపితే తగ్గిందా అని అడిగాను. అతను చాలాసేపు పుస్తకం వంక చూసి, తానే కొట్టేసి 15/40 అని రాశాడు. సామాన్య హారం ఎందుకు కావాలో ఆ రోజు గుంటల రూపంలో అతనికి అందింది. సూక్ష్మీకరించి 3/8 చేయడం మర్నాటి పని. ఆంధ్ర ప్రాంతంలో చెప్పేవారైతే ఎకరానికి 100 సెంట్లతో దశాంశాలు కూడా ఇలాగే చెప్పవచ్చు, 0.35 కన్నా 0.5 ఎందుకు పెద్దదో 35 సెంట్లు, 50 సెంట్లు అనగానే తేలిపోతుంది.

రుణసంఖ్యల విషయంలో మన భాష మనకు గొప్ప సాయం చేస్తుంది. ధన, ఋణ అనే పేర్లే సొమ్ము, అప్పు. ప్రాచీన భారత గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఈ మాటలతోనే కూడిక, తీసివేత, గుణకార నియమాలు చెప్పాడు. కిరాణా ఖాతాలో ఏడు రూపాయల బాకీలోంచి మూడు రూపాయల బాకీ కొట్టేస్తే మిగిలేది నాలుగు రూపాయల బాకీ, కనుక −7 − (−3) = −4 అని పిల్లలు తడుముకోకుండా చెబుతారు. అయితే రెండు రుణసంఖ్యల గుణకారం దగ్గర ఈ ఉపమానాన్ని లాగకండి, అది అక్కడ పనిచేయదు. 2 × (−2) = −4, 1 × (−2) = −2, 0 × (−2) = 0 అని వరుసగా రాయించి, జవాబు ప్రతిసారీ రెండు పెరుగుతోంది కాబట్టి తర్వాతది, అంటే (−1) × (−2), ఎంతని అడగండి.

ఇక ఎక్కాలు. రోజూ పది నిమిషాలు నోటితో చెప్పించండి, కానీ అవి వచ్చేదాకా మిగతావి ఆపకండి. ఏడో ఎక్కం రాని పిల్లకు గోడ మీద పట్టిక చూసుకునే హక్కు ఇచ్చాను, ఆమె సమీకరణాలు చక్కగా సాధించింది, ఎక్కం తర్వాత వచ్చింది. 7 × 36 ను 7 × 30, 7 × 6 గా విడదీసి కూడటం నేర్పితే అదే విభాగ న్యాయం. 7(క + 6) ను 7క + 6 అని రాసే తప్పు అక్కడే ఆగుతుంది.

అక్షరం ఒక సంఖ్యకు గుర్తు, వస్తువు పేరు కాదని అక్షరం వచ్చిన మొదటి రోజే స్పష్టం చేయండి. ‘3అ అంటే మూడు అరటిపళ్ళు’ అని చెప్పడం సులువే, కానీ ఆ పిల్లవాడు తర్వాత అరటిపండు ధర ఎంత అన్న లెక్కలో చిక్కుకుంటాడు. 3క + 5 ను 8క అని కలిపేసే వారిని మందలించకుండా, క స్థానంలో 2 వేసి చూడమనండి. ఒకవైపు 11, మరోవైపు 16 వస్తాయి. అగ్గిపుల్లలతో చతురస్రాల వరుస పేర్పించడం కూడా తప్పకుండా చేయించండి. ఒక చతురస్రానికి 4, రెండింటికి 7, మూడింటికి 10 పుల్లలు. మరి ‘క’ చతురస్రాలకు? ‘మొదట ఒక పుల్ల, ఆపైన మూడేసి’ అని ఒకరు 1 + 3క అన్నారు. ‘పైనా కిందా క, క, నిలువుగా ఒకటి ఎక్కువ’ అని మరొకరు 2క + (క + 1) అన్నారు. రెండూ ఒకటేనా అన్న వాదన ఆ రోజు రెండు పీరియడ్లూ సాగింది. సజాతి పదాల (2క, క లాంటి ఒకే అక్షరమున్న పదాల) కూడికను నేను వేరే పాఠంగా చెప్పవలసిన అవసరం రాలేదు.

రాత లెక్కలను ముందు తెలుగులో చదివించండి, మీది ఇంగ్లీషు మాధ్యమమైనా సరే. ‘ఒక సంఖ్య కంటే 5 తక్కువ’ అన్నప్పుడు తెలుగులో సంఖ్య ముందే వస్తుంది కాబట్టి క − 5 అని రాయడం తేలిక. ఇంగ్లీషు వాక్యంలో 5 ముందు వస్తుంది, అందుకే పిల్లలు 5 − క అని రాస్తారు.

వేసవిలోనే ఎనిమిదో తరగతి కారణాంక విభజన మొదలుపెట్టమని మీపై ఒత్తిడి రావచ్చు. నామీదా వచ్చింది, నేను ఒప్పుకోలేదు. మార్చి చివర మళ్ళీ మొదటి రోజు ప్రశ్నలే ఇచ్చి, ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎలా వచ్చింది’ అని అడగండి. గడిలో 7 రాసి కారణం చెప్పలేని పిల్లలతో ఏప్రిల్ అంతా తక్కెడ దగ్గరే గడపండి.