కొండదారిలో హాఫ్ మారథాన్: మీ సందేహాలకు జవాబులు

పొలాలు, చెరువులు, కొండల పక్కగా సాగే చిన్న ఊళ్ల హాఫ్ మారథాన్ల (అంటే 21 కిలోమీటర్ల చిల్లర పరుగుల) మీద ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి, అన్నీ ఒకచోట పెట్టేశాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: నేను సిటీలో చదును రోడ్ల మీద 10 కిలోమీటర్లు, కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల లెక్కన హాయిగా పరిగెడతాను. మూడు నెలల్లో ఒక చిన్న ఊళ్లో జరిగే హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. రూట్ మ్యాప్‌లో మొత్తం ఎక్కుడు 250 మీటర్లు అని ఉంది. కానీ మొదలయ్యేదీ ముగిసేదీ ఒకే చోట, అంటే ఎక్కినదంతా దిగుతాం కదా, లెక్క సరిపోతుందా? 2 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేయాలని ఆశ.

జవాబు: సరిపోదండి. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్న టైమ్‌లో కొంతే దిగేటప్పుడు తిరిగొస్తుంది, ఎందుకంటే దిగుడులో మీ కాళ్లు పరిగెత్తడంతో పాటు ప్రతి అడుగుకీ బ్రేక్ కూడా వేస్తుంటాయి. మీ లెక్కే చూద్దాం. ఆరున్నర నిమిషాల చొప్పున 21.0975 కిలోమీటర్లు అంటే 2 గంటల 17 నిమిషాలు. అంటే రెట్టింపు దూరం తెచ్చే అలసటకీ, 250 మీటర్ల ఎక్కుడుకీ కలిపి మీరు మిగుల్చుకున్నది మూడే మూడు నిమిషాలు! మొదటి హాఫ్‌కి, అదీ కొండదారిలో, టైమ్ టార్గెట్ పెట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. పెట్టుకోకుండా ఉండలేను అంటే రెండున్నర గంటలు పెట్టుకోండి.

ఇంకో మాట, 250 అన్న అంకె కన్నా అది ఎక్కడుందో చూడడం ముఖ్యం. ఎక్కుడు మూడో కిలోమీటరులో ఉంటే ఒక రకం, పదిహేడో కిలోమీటరులో ఉంటే పూర్తిగా వేరే రకం. మ్యాప్‌తో పాటు ఎత్తుల గ్రాఫ్ ఇచ్చి ఉంటే దాన్ని బాగా చూసి, పెద్ద ఎక్కుళ్లు ఎన్నో కిలోమీటరులో వస్తాయో గుర్తుపెట్టుకోండి. పరుగు రోజున ఎక్కుడు రాగానే వాచ్ చూడడం మానేయండి, ఊపిరి మాట వినండి. పక్కవాళ్లతో ఒక చిన్న వాక్యం మాట్లాడగలుగుతుంటే సరిగ్గా వెళ్తున్నట్టు, ఒక్కో మాటకీ ఆయాసపడుతుంటే ఎక్కువ చేస్తున్నట్టు. అడుగులు చిన్నవి చేయండి. మరీ నిటారుగా ఉంటే నడవండి, నామోషీ ఏమీ లేదు, చాలామందికి అక్కడ నడకకీ పరుగుకీ టైమ్‌లో పెద్ద తేడా ఉండదు, గుండె మీద భారంలో మాత్రం చాలా ఉంటుంది.

ఇక దిగుడు. అందరూ ఎక్కుడుకే భయపడతారు కానీ కాళ్లను నిజంగా పాడుచేసేది దిగుడే. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బిగుసుకుని ఉండగానే సాగుతాయి, దాంతో కండరాల పోగులు సన్నగా చిట్లుతాయి, మర్నాడో ఆ మర్నాడో మెట్లు దిగుతూ కళ్లలో నీళ్లు తెచ్చుకునేది అందుకే. మంచి సంగతి ఏమిటంటే, కొన్ని వారాల ముందు ఒకటి రెండుసార్లు దిగుడు ప్రాక్టీస్ చేసినా కండరాలు అలవాటుపడి తర్వాతిసారి అంత దెబ్బతినవు. సిటీలో కొండ ఎక్కడ దొరుకుతుంది అంటారేమో, ఒక ఫ్లైఓవరో, వాలుగా ఉన్న వీధో చాలు. వారానికి ఒకరోజు ఎక్కండి, దిగండి. దిగేటప్పుడు వెనక్కి వాలి మడమలు బలంగా వేయకండి. వారానికోసారి చేసే పొడుగు పరుగును మెల్లగా పెంచుతూ 16 నుంచి 18 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లండి, చివరి రెండు వారాలు తగ్గించుకోండి. 21 పూర్తిగా ముందే పరిగెత్తి చూడాల్సిన పనిలేదు.

ప్రశ్న: పరుగు పూర్తయ్యేసరికి నా వాచ్‌లో 21.4 కిలోమీటర్లు చూపించింది. నిర్వాహకులు రూట్ తప్పు కొలిచారా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. పద్ధతి ప్రకారం కొలిచే రూట్‌ని సైకిల్ చక్రానికి లెక్కించే పరికరం బిగించి, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిలో కొలుస్తారు. తక్కువ పడకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కూడా కలుపుతారు. మనం అలా గీత గీసినట్టు పరిగెత్తం కదా, మలుపుల్లో అవతలి వైపు నుంచి వెళ్తాం, నీళ్ల కోసం పక్కకి వెళ్తాం. పైగా చెట్లూ కొండలూ అడ్డొస్తే జీపీఎస్ కూడా తడబడుతుంది. అయితే చిన్న ఊళ్ల పరుగులన్నీ సర్టిఫికెట్ ఉన్న రూట్లు కావు, బైక్ మీద మీటర్ చూసి కొలిచేవాళ్లూ ఉంటారు. అలాంటిచోట వచ్చిన టైమ్‌ని మీ పాత రికార్డుతో పోల్చి బాధపడకండి, సంబరపడకండి.

ప్రశ్న: ప్రతి 5 కిలోమీటర్లకీ నీళ్లు ఇస్తామన్నారు. ప్రతిచోటా తాగాలా? దాహం వేయకముందే తాగాలని చదివాను.

జవాబు: దాహాన్ని బట్టి తాగండి. బలవంతంగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగు మొదలైనప్పటి కన్నా బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటల కన్నా ఎక్కువసేపు పరిగెత్తినవాళ్లు అందులో ఎక్కువ. అంటే మెల్లగా వెళ్తూ కనిపించిన ప్రతి కప్పూ తాగేవాళ్లకే ముప్పు.

చిన్న ఊళ్లలో ఉండే సమస్య వేరు. వాలంటీర్లు ఎంత మనసుపెట్టి చేసినా, ఎండ ముదిరే సమయానికి ఏదో ఒక టేబుల్ దగ్గర నీళ్లు అయిపోవచ్చు, వెనక వచ్చేవాళ్లకే ఆ దెబ్బ. అందుకని చిన్న సీసా ఒకటి నడుముకి కట్టుకోండి. రెండు గంటలు దాటేలా ఉంటే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. జెల్ (పరుగులో పీల్చుకునే తీపి గుజ్జు) అయినా, ఇంకేదైనా, ప్రాక్టీస్‌లో తిని చూడనిది ఆ రోజు ముట్టుకోకండి. కప్పులు పొలాల్లోకి విసరకండి. మనం ఇంటికి వెళ్లిపోతాం, వాటిని నమిలేది పశువులు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, బీపీకి మందు వేసుకుంటారు. రోజూ గంట నడుస్తారు. "మొత్తం నడిచేస్తాను" అంటున్నారు. కటాఫ్ మూడున్నర గంటలు. పంపించొచ్చా?

జవాబు: ముందు డాక్టర్‌కి చూపించండి, ఆ మందు వేసుకుంటూ ఎండలో అంతసేపు శ్రమపడొచ్చా అని ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే కొన్ని బీపీ మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఇక నడక లెక్క. మూడున్నర గంటల్లో పూర్తి కావాలంటే గంటకి 6 కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. అది బాగా వేగమైన నడక, కొండదారిలో అంతసేపు నిలబెట్టుకోవడం కష్టం. రెండు నిమిషాలు మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక అన్న పద్ధతి ఇప్పటి నుంచే మొదలుపెడితే కుదరొచ్చు. లేదంటే అదే రోజు 10 కిలోమీటర్ల విభాగం ఉందేమో చూడండి, నన్నడిగితే మొదటిసారికి అందులోకే పంపిస్తాను. నొప్పులు రాకుండా ముందే ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకునే అలవాటు ఉంటే మాన్పించండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాల మీద పడుతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చల్లటి చెమట, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగిపోవాలి, "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనకూడదు. ఈ మాట ఆయనకి మీరే చెప్పండి, నాన్నలు మ్యాగజైన్ల మాట వినరు.

ప్రశ్న: పదో కిలోమీటరు తర్వాత ముందూ వెనకా ఎవరూ లేరు. దారి తప్పానేమోనని టెన్షన్. పాటలు వింటూ వెళ్లొచ్చా?

జవాబు: సిటీ పరుగులో వేలమంది మధ్య ఉంటాం, ఇక్కడ మూడొందల మంది ఐదు కిలోమీటర్లలోపే విడిపోతారు. ఇది మామూలే. రూట్‌ని ఫోన్‌లోకి దించుకోండి, మలుపుల గుర్తులు ఏ రంగులో ఉంటాయో చొక్కాకి పెట్టుకునే నంబర్ తీసుకునేటప్పుడే అడగండి. రోడ్డు పూర్తిగా మూయని చోట రెండు చెవులూ మూసుకోవద్దు, ట్రాక్టర్ కన్నా వెనక నుంచి నిశ్శబ్దంగా వచ్చే కారు ప్రమాదం. నిర్వాహకులు వేరేగా చెప్పకపోతే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు ఉండండి. కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి, దాని కళ్లలోకి చూడకండి. సందేహం వస్తే ఆగి ఎవరినైనా అడగండి, అర నిమిషం పోతుంది అంతే.

ప్రశ్న: దారి చాలా అందంగా ఉంటుందట. ఫొటోల కోసం ఆగితే టైమ్ పోతుందా?

జవాబు: పోతుంది, అయినా ఆగండి. కాకపోతే రోడ్డు అంచుకి జరిగి ఆగండి, వెనకవాళ్లు గుద్దుకోకుండా. ఎక్కుడు మొదట్లో కాకుండా పైకి చేరాక ఆగితే ఊపిరీ తీసుకున్నట్టుంటుంది, ఫొటో కూడా అక్కడి నుంచే బాగుంటుంది. వాచ్‌లో ఆటో పాజ్ (మీరు ఆగగానే టైమ్‌ని కూడా ఆపేసే సెట్టింగ్) తీసేయడం మర్చిపోకండి. లేకపోతే మీ వాచ్ ఒక టైమ్, నిర్వాహకులు టైమ్ లెక్కించడానికి ఇచ్చే చిప్ ఇంకో టైమ్ చెబుతాయి, నిర్వాహకులు మోసం చేశారని మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.