మౌస్ పిల్లల చేతిలోనే ఉండనివ్వు

బిడ్డా, ఆశీస్సులు.

పరకాల అవతలి ఊరి ఉన్నత పాఠశాలలో నీకు కంప్యూటర్ గది బాధ్యత కూడా అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వారానికి రెండేసి పీరియడ్లు, పనిచేసే కంప్యూటర్లు ఐదు, తరగతికి నలభై మంది దాకా పిల్లలు అని రాశావు. నువ్వు వేసుకున్న ప్రణాళిక కూడా చూశాను. మొదటి నెలంతా కంప్యూటర్ భాగాలు, దాని చరిత్ర. తర్వాత పెయింట్, ఆపైన వర్డ్. ఇన్నేళ్లు గణితం చెప్పి, చివరి ఏళ్లలో నీలాగే ఆ గదినీ చూసుకున్నవాడిగా చెబుతున్నాను, ఆ మొదటి నెలను కొట్టేయి. మానిటర్ బొమ్మ గీసి భాగాల పేర్లు రాసే పిల్లలకు కంప్యూటర్ మరో బట్టీ పాఠం అయిపోతుంది. మొదటి పీరియడ్ అయ్యేలోపు ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తెర మీద ఏదో ఒకదాన్ని తన ఆజ్ఞతో కదిలించాలి.

అందుకు స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ వాళ్లు తయారుచేసి 2007లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ఆజ్ఞలన్నీ రంగురంగుల ముక్కలుగా ఉంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీది పిల్లి బొమ్మ ఆ వరుసలోనే నడుస్తుంది. ఒక్కసారి దించుకుని ఐదింటిలోనూ ఎక్కిస్తే ఆ తర్వాత ఇంటర్నెట్ అక్కర్లేదు. ముక్కల మీద ఇంగ్లిష్ మాటలున్నాయని బెంగపడకు. మూవ్ అంటే కదులు, టర్న్ అంటే తిరుగు, రిపీట్ అంటే మళ్లీ మళ్లీ చేయి అని ఒక చార్టు రాసి గోడకు అంటించు. రెండు పీరియడ్ల తర్వాత దానివైపు ఎవరూ చూడరు.

పిల్లి నడవడం వచ్చాక త్రిభుజం గీయించు. కింద ఎడమ మూలలో ఉన్న గుర్తు నొక్కి, పెన్ ఎంచుకుంటే గీతలు గీసే ముక్కలు వస్తాయి. వంద అడుగులు కదులు, తిరుగు, ఇలా మూడుసార్లు. ఎంత తిరగాలని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరవై డిగ్రీలు అంటుంది. సమబాహు త్రిభుజంలో కోణం అరవై అని గణితం పాఠంలో విని ఉంటారు కదా! అరవై పెట్టి నడిపిస్తే త్రిభుజం రాదు, మూసుకోని గిన్నెలాంటి మూడు గీతలు వస్తాయి. అప్పుడు నువ్వు నోరు విప్పకు. ఒకరిని లేపి నేల మీద సుద్దతో గీసిన త్రిభుజం అంచున నడిపించు. మూల దగ్గరికి రాగానే ఆగి, రెండో అంచువైపు ముఖం తిప్పమను. తాను తిరిగింది లోపలి కోణం కాదని, బయటిదని ఒళ్లే చెబుతుంది. ఈలోగా ఎవరో ఒకరు ఆ అరవైని అలాగే ఉంచి మూడు బదులు ఆరు పెడతారు, షడ్భుజి వస్తుంది. ఇంకొకరు 120 పెట్టి త్రిభుజం తెస్తారు. చతురస్రానికి 90, పంచభుజికి 72. బయలుదేరిన చోటికి, మొదటి ముఖంతోనే తిరిగి రావాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలన్న సంగతి వాళ్లే పట్టుకుంటారు. అదయ్యాక 144 పెట్టి ఐదుసార్లు తిప్పించు, నక్షత్రం వస్తుంది. మొత్తం ఎంత తిరిగిందో లెక్క వేయమను. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసిన వాళ్లలో ఒకరైన సీమోర్ పాపర్ట్ తాబేలు బొమ్మతో పిల్లలకు చూపింది ఈ దారే.

ఇంకో మాట. స్క్రాచ్ వేదికకు, అంటే పిల్లి తిరిగే చోటుకు, నడిమధ్య సున్నా. కుడికి 240, ఎడమకు మైనస్ 240, పైకి 180, కిందికి మైనస్ 180. రుణసంఖ్యలంటే భయపడే ఆరో తరగతి పిల్లలు పిల్లిని ఎడమ అంచుకు పంపడానికి మైనస్ గుర్తును వాళ్లంతట వాళ్లే అడుగుతారు. మీ గణితం టీచర్‌తో ఈ విషయం ముందే మాట్లాడుకో.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఒక్కో కంప్యూటర్ చుట్టూ ఎనిమిది మంది మూగితే నేర్చుకునేది ఇద్దరే, మిగతావాళ్లు చూసి వెళ్లిపోతారు. ఒక్కోదాని దగ్గర నలుగురినే కూర్చోబెట్టు. మిగిలినవాళ్లు ఆ సమయంలో కాగితం మీద పని చేయాలి, అది ఏమిటో కింద రాస్తాను. సగం పీరియడ్‌కు రెండు జట్లూ మారాలి. నలుగురిలోనూ మౌస్ పట్టుకున్నవారు సొంతంగా ఏమీ చేయకూడదు, పక్కవారు చెప్పిందే చేయాలి. కొన్ని నిమిషాలకు మౌస్ చేయి మారాలి. ఈ నియమం లేకపోతే ఆడపిల్లలు నోట్సు రాసేవాళ్లుగా మిగిలిపోతారు. ఇంట్లో ఫోను అన్న చేతిలో, బడిలో మౌస్ మగపిల్లల చేతిలో అంటే ఇక వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు? ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండు. నీకూ అదే నియమం. ఎవరైనా ఇరుక్కుపోయి పిలిస్తే చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లు. "ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది?" అని రెండే ప్రశ్నలు అడుగు. నువ్వు మౌస్ అందుకుని సరిచేస్తే పని అయిపోతుంది, పాఠం పోతుంది.

కాగితం పని సంగతి. చేర్యాల పటాలు నువ్వు చూసే ఉంటావు. ఎర్రటి నేపథ్యం మీద పొడవైన గుడ్డ నిండా బొమ్మలు, కథకుడు ఒక్కో గడి చూపిస్తూ కథ నడిపిస్తాడు. పిల్లల చేత యానిమేషన్ చేయించడానికి అంతకన్నా మంచి నమూనా నాకు తెలియదు. తెల్ల కాగితాన్ని మూడుసార్లు మడిచి విప్పితే ఎనిమిది గడులు. ప్రతి గడిలో ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఏమంటున్నారు అన్నది గీయాలి. గడులు నిండనిదే కంప్యూటర్ ముందు కూర్చోనివ్వకు. కథ ఊరిదే కావాలి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి. మన వైపు చెరువు లేని ఊరు అరుదు. మన చెరువుకు ఆ పేరు ఎలా వచ్చింది, తూము దగ్గర ఏం జరిగేది అని నానమ్మను, అమ్మమ్మను అడిగి రమ్మను. ఆమె గొంతునే ఫోనులో రికార్డు చేసి తెమ్మను.

రికార్డింగు విషయంలో జాగ్రత్తలు చెప్పి పంపు. ఫ్యాను, టీవీ ఆపేయాలి. ఫోను నోటికి జానెడు దూరంలో ఉండాలి. మాట మొదలయ్యే ముందు కొన్ని క్షణాలు ఊరికే నడవనివ్వాలి. ఆ ఖాళీ శబ్దాన్ని చూపిస్తే ఆడాసిటీ అనే శబ్దాలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో రొద తగ్గించడం తేలిక. స్క్రాచ్‌లో పెట్టేటప్పుడు పిల్లలు 'స్టార్ట్ సౌండ్' ముక్క వాడతారు, అవ్వ మాట పూర్తి కాకముందే బొమ్మ మారిపోతుంది. 'ప్లే సౌండ్ అన్‌టిల్ డన్' వాడితే గొంతు ఆగేదాకా బొమ్మ నిలబడుతుంది. ఈ తేడా వాళ్లే కనిపెట్టేదాకా ఆగు.

బొమ్మలు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటామంటే ఒప్పుకోకు. వంకరగా ఉన్నా సొంత బొమ్మే గీయాలి. కృత్రిమ మేధతో క్షణంలో బొమ్మ చేయవచ్చని ఎనిమిదో తరగతి వాళ్లు అంటారు. అది ఎలా పనిచేస్తుందో ఒక పీరియడ్ తప్పకుండా చెప్పు, కానీ ఈ పనికి వద్దు. పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు, బడి పేరు కనిపించే వీడియో ఏదీ బయట పెట్టకు, ఎవరు అడిగినా సరే. తల్లిదండ్రులకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వు. ఆన్‌లైన్ మోసం జరిగితే 1930కి ఫోను చేయాలని పిల్లలకే నేర్పు, ఇంట్లో చెప్పేది వాళ్లే.

మార్కులు వేయాల్సి వస్తే పూర్తయిన ప్రాజెక్టు చూసి వేయకు, అన్న చేసిపెట్టి ఉండవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి చిన్న మార్పు అడుగు. పడవ సగం వేగంతో పోవాలి, లేదా వాన రెండో గడిలో మొదలవ్వాలి. చేయగలిగితే వచ్చినట్టే.

మరిచిపోకముందు రాస్తున్నాను, కరెంటు చెప్పకుండా పోతుంది. పది నిమిషాలకోసారి సేవ్ చేయించు. ఫైలుకు తరగతి, జట్టు నంబరు పెట్టించు, లేకపోతే ఐదు కంప్యూటర్లలోనూ ఏది ఎవరిదో తెలియని ఫైళ్లే మిగులుతాయి. చెరువు కథలు సిద్ధమయ్యాక ఒక శనివారం సాయంత్రం అవ్వలందరినీ బడికి పిలువు. తేదీ వారం ముందు చెప్పు, హనుమకొండ నుంచి నేనూ వస్తాను.

నీ క్షేమం కోరే,
మాస్టారు