చేలో దొరికిన ఆ ముక్కను తోమొద్దు

చిత్తూరు

చిరంజీవి నాయనా,

చేలో గొర్రు తోలుతుంటే దొరికిన లోహపు ముక్క ఏమిటని అడుగుతూ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అరచేతిలో ఇమిడేంత పొడవు, ఒక కొస మొనదేలి, రెండో కొస గొట్టంలా బోలుగా, అంచు పక్కన చిన్న కన్నం, ఒళ్లంతా పచ్చగా చిలుము. అదేమిటో నాకు ఒక ఊహ ఉంది, చెప్తాను. అంతకన్నా ముందు, మీ అమ్మ చింతపండు నానబెట్టి ఉంటే ఆపమని చెప్పు. ఇటుకపొడి, నిమ్మచెక్క, వైరు బ్రష్ ఏదీ దాని దగ్గరికి రాకూడదు. మ్యూజియంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ తువ్వాలులో చుట్టుకుని ఇలాంటివి తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను. సగం మంది తళతళలాడేలా తోమి తెచ్చేవారు. సన్నటి గీతలు, అక్షరాల జాడ, లోపల అంటుకున్న లక్క, అన్నీ ఆ తోముడులోనే పోయేవి. మట్టి ఎండాక మెత్తటి కుంచెతో పైపైన దులిపితే చాలు.

రెండో సంగతి, దొరికిన చోటు. వస్తువు ఎప్పుడైనా చూడొచ్చు, దొరికిన చోటు మాత్రం ఒక వాన పడితే గుర్తుండదు. కాబట్టి ఇవాళే వెళ్లి ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకో. గొర్రు ఎంత లోతు దిగింది, జానెడా, మూరెడా? అక్కడ పెంకులు, ఇటుక ముక్కలు, బూడిద మట్టి ఏమైనా కనిపించాయా? ఇంకో ముఖ్యమైన ప్రశ్న మీ నాన్నను అడుగు: ఆ చేలోకి ఎప్పుడైనా చెరువు మట్టి తోలించారా, పాటిదిబ్బ మన్ను తోలించారా? మన వైపు ఎర్రనేలలకు బలం కోసం బండ్లకొద్దీ తోలేవాళ్లు. పాత ఊరి దిబ్బ మన్నుతో పాటు ఆ ఊరి గిన్నెలూ గాజులూ కూడా చేలోకి వచ్చేస్తాయి. అలాంటప్పుడు నీ చేలో ఎంత తవ్వినా ఏమీ ఉండదు, అసలు కథ ఆ దిబ్బ దగ్గర ఉంటుంది.

ఇక లోహం. అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కుంటే ఇనుము లేదా ఉక్కు. అతుక్కోకపోతే రాగి, ఇత్తడి, కంచు, సీసం, వెండి ఏదైనా కావచ్చు. పచ్చ చిలుము ఉంది కాబట్టి రాగి గానీ, రాగి కలిసిన లోహం గానీ అయి ఉంటుంది. ఏది అని తేల్చడానికి గీకి చూడక్కర్లేదు, మీ కొట్లో ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. ముందు వస్తువును తూచి రాసుకో. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చెయ్యి. వస్తువును దారంతో కట్టి, గిన్నె అడుగు తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచి పట్టుకో. అప్పుడు కాటా చూపించే గ్రాములే దాని ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి తూకాన్ని దాంతో భాగించు. తూకం 620, నీళ్లలో ముంచితే 73 చూపించిందనుకో, 8.5 వస్తుంది, అంటే ఇత్తడి. ఇనుము 7.8 దగ్గర, రాగి 8.9, వెండి 10.5, సీసం 11.3, బంగారం 19.3. గొట్టంలో గాలి నిలవకుండా చూసుకో, లేకపోతే లెక్క తప్పుతుంది. లోపల మట్టి గట్టిగా పట్టి ఉన్నా, చిలుము పెచ్చులుగా లేస్తున్నా ఈ పరీక్ష జోలికే పోవద్దు. చేస్తే మాత్రం వెంటనే తుడిచి నీడలో ఆరబెట్టు. లేత పచ్చ రంగు పొడి రాలుతోందంటే చెమ్మ దాన్ని తినేస్తోందని అర్థం. పొడి డబ్బాలో పెట్టి నాకు చెప్పు.

లోహం తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసిపోదు. అది ఏ పని చేసిందో అరుగుదల చెబుతుంది. నాకైతే అది ఎద్దు కొమ్ముకు తొడిగే ఇత్తడి కుప్పెలా కనిపిస్తోంది. పశువుల పండగకు తొడిగి, కొసన మువ్వ కట్టేవాళ్లు. అది చేతికర్రకు వేసే పొన్ను కూడా కావచ్చు. తేడా ఇలా చూడు. పొన్ను అయితే మొన నేలకు తగిలి తగిలి మొద్దుబారి ఉంటుంది, గొట్టం తిన్నగా ఉంటుంది. కుప్పె అయితే మొన అరగదు, మూతి కాస్త కోలగా ఉండవచ్చు, మువ్వ కొక్కెం ఉన్న చోట సన్నటి గాడి పడి ఉంటుంది. టార్చిలైటు వేసి గొట్టం లోపలికి చూడు. కొయ్య నారలు ఉన్నాయా, నల్లటి లక్క ఉందా? దేన్నీ పుల్లతో పెకలించొద్దు. ఎక్కడైనా మరచుట్లు గానీ వెల్డింగ్ గానీ కనిపిస్తే అది మరీ పాతది కాదు.

నీ మూడో ఫొటోలో వెనక మూలన గుండ్రటి ఇనుప ముద్ద ఒకటి ఉంది. దాని గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. నాకు టెన్షన్ అంతా దాని గురించే. మీ దామలచెరువు కనుమ దగ్గరే 1740లో మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని ఓడించి చంపారు. 1782లో హైదర్ అలీ చనిపోయింది కూడా చిత్తూరు దగ్గరి దండులోనే. ఈ దారుల్లో ఫిరంగులు నడిచాయి. గుండు లోపలంతా గట్టిగా నిండినదైతే భయం లేదు. దానికి కన్నం ఉన్నా, లోపల బోలుగా ఉందనిపించినా, అది మందు కూరిన గుండు కావచ్చు. అడవి పందులకు పెట్టే నాటుబాంబులు వేరే ఉండనే ఉన్నాయి. అలాంటిది ఏదైనా తట్టొద్దు, కదపొద్దు, పిల్లల్ని దూరం పంపి 112కు ఫోన్ చెయ్యి. కన్నం లేకుండా, అడుగు చదునుగా ఉంటే మాత్రం పాత తూకపురాయి అయి ఉంటుంది. అది సుమారు 1,400 గ్రాములు తూగితే వీశె. 40 పలాలు ఒక వీశె, పలం దాదాపు 35 గ్రాములు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక మెల్లగా కిలోలు వచ్చి ఈ రాళ్లు మూలన పడ్డాయి.

ఆ చేలో ఇంకేమైనా తగిలితే నువ్వే తవ్వకు. నాణేలు, విగ్రహం, రాగిరేకు, బంగారం లాంటివి ఏవి దొరికినా 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే దారి చూపిస్తారు. దాచిపెడితే ఏడాది దాకా జైలు, నీ వాటా కూడా పోతుంది. చెప్పినవాడికి చట్టం అన్యాయం చెయ్యదు. హక్కుదారులు లేరని తేలితే దొరికినవాడికే ఇస్తారు. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. వందేళ్లు దాటినవాటిని లైసెన్సు లేకుండా అమ్మే వ్యాపారం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం.

ఈ కబురు ఊళ్లో పాకితే, రైస్ పుల్లింగ్ అంటూ ఎవరో ఒకరు వస్తారు. నీ ఇత్తడిలో ఇరీడియం అనే అరుదైన లోహం ఉందనీ, బియ్యం గింజలు లాగుతుందనీ, కోట్లు వస్తాయనీ, టెస్టింగుకు ముందు లక్ష కట్టమనీ అంటారు. గింజలకు ఇనుప పొడి పట్టించి, లోపల అయస్కాంతం దాస్తారు. ఆ పేరు ఎత్తినవాణ్ణి గడప తొక్కనివ్వొద్దు. ఇలా ఆస్తులు అమ్ముకున్న కుటుంబాలు మన జిల్లాలో ఉన్నాయి. మీ నాన్నకు ఈ మాట చదివి వినిపించు.

చంద్రగిరి కోటలో రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు విభాగం ఉంది. నా ఊహ తేలకపోతే అక్కడికి తీసుకెళ్దాం. ఈలోగా పొద్దున ఏటవాలు ఎండలో, పక్కన స్కేలు పెట్టి మళ్లీ ఫొటోలు తియ్యి. మూతి వైపు నుంచి ఒకటి, మొన దగ్గరగా ఒకటి, కన్నం ఒకటి. తూకం రాయి. ఆ ఇనుప ముద్దకు మాత్రం ఉన్నచోటే, దూరం నుంచి ఫొటో తీసి వెంటనే పంపు.

మీ పెదనాన్న