పీకేకొద్దీ పెరిగే గులాబీ పూల పులిచింత

ప్రశ్న: అర ఎకరం షేడ్‌నెట్‌లో చామంతి వేశాను. బయటి నర్సరీ నుంచి తెచ్చిన నారు మట్టిలో వచ్చిందో ఏమో, మూడాకుల మొక్క ఒకటి మడులన్నీ కమ్మేసింది. పూలు లేత గులాబీ రంగు. రెండుసార్లు కూలీలతో పీకిస్తే రెట్టింపయింది. మందు కొట్టమంటారా? పీకింది మేకలకు వేయొచ్చా?
– ఒక రైతు, మదనపల్లె

జవాబు: ఆకు చివర చేపతోకలా చీలి ఉంటే అది ఆక్సాలిస్ లాటిఫోలియా. మన గట్ల మీద పసుపు పూలు పూసే పులిచింతకు దాయాది, పుట్టిల్లు అమెరికా ఖండం. పులిచింత కాయ పగిలి విత్తనాలు చిమ్ముతుంది. దీనికి ఆ పని లేదు, వ్యాప్తంతా గడ్డలతోనే.

ఈసారి ఒక మొక్కను పీకకుండా తొలికతో మట్టిగడ్డతో సహా లేపి చూడండి. అడుగున చిన్న ఉల్లిపాయలాంటి తల్లిగడ్డ, దాని చుట్టూ సన్నటి దారాలకు వేలాడుతూ కందిగింజంత పిల్లగడ్డలు కనిపిస్తాయి. కాస్త కదిపితే చాలు, తలంబ్రాల్లా రాలిపోతాయి. మీ కూలీలు పీకింది కాడల్నే. పిల్లలన్నీ మడిలోనే నాటుకున్నాయి. రోటవేటర్ తిప్పితే ఇంకా ఘోరం.

కాబట్టి అదను ముఖ్యం. మొలిచి మూడు నాలుగు ఆకులు వేసేసరికి తల్లిగడ్డలో సత్తువ తగ్గిపోతుంది, పిల్లలు ఇంకా ఊరవు. పూత రాకముందే, ఆ దశలోనే, మట్టితో తవ్వి గంపలో వేసి బయటికి మోయించండి. మళ్లీ మొలిచినప్పుడల్లా ఇదే పని. ఒక్క పంటతో తేలదు, రెండు మూడు పంటకాలాలు ఓపిక పట్టాలి. తీసింది పెంటకుప్పలో మాత్రం వేయొద్దు, ఎరువుతో పాటు మళ్లీ చేలోకే వస్తుంది. ఎండబెట్టి కాల్చేయండి. వచ్చే పంటకు మడుల మీద నల్ల మల్చింగ్ షీటు పరిస్తే సగం బాధ తప్పుతుంది.

కలుపుమందు గ్లైఫోసేట్ గురించా? ఆకు మాడుతుంది, నిద్రలో ఉన్న పిల్లగడ్డలు చావవు. పైగా తుంపర పడితే ముందు పోయేది మీ చామంతే.

నర్సరీ కవర్లలో ఇది పూస్తే ముచ్చటగా ఉందని వదిలేసేవాళ్లను చూశాను. ఇకమీదట నారు దింపుకునేటప్పుడు నాలుగైదు మొక్కల వేళ్లమట్టి విదిల్చి చూశాకే డబ్బివ్వండి.

మేకలు గుప్పెడు తింటే ఫర్వాలేదు. ఆకలి మీదున్న మందకు గంపలకొద్దీ వేయొద్దు. ఇందులోని ఆక్సాలిక్ ఆమ్లం రక్తంలో కాల్షియాన్ని లాగేస్తుంది. తిన్న మేక వణికినా, తూలినా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.