చిటికెడు లాంథనం: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

సీసం లేని సిరామిక్‌లపై నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. అయితే "డోపింగ్ వల్ల పదార్థపు విద్యుత్, అయస్కాంత ధర్మాలు మెరుగుపడతాయి" అన్న మాట వేషం మార్చుకుంటూ నాలుగు చోట్ల వచ్చింది. డోపింగ్ అంటే స్ఫటికంలోకి చిటికెడు వేరే మూలకాన్ని చొప్పించడమే కదా. ఏ అయాన్ (ఆవేశమున్న పరమాణువు) ఏ అయాన్ స్థానంలో కూర్చుందో, రెండింటి ఆవేశాల మధ్య తేడా ఎంతో, ఆ తేడాను స్ఫటికం ఎలా సర్దుకుందో చెప్పకపోతే పాఠకుడి చేతికి ఏమీ అందదు.

సీసం లేని సిరామిక్ అయిన బేరియం టైటనేట్‌నే తీసుకో. స్వతహాగా అది విద్యుత్ బంధకం. రెండు ధనావేశాలున్న బేరియం స్థానంలో మూడు ధనావేశాలున్న లాంథనాన్ని నూటికి 0.2, 0.3 పాళ్లు చొప్పించి కాలిస్తే, మిగిలిన ఆవేశాన్ని తీర్చడానికి ఎలక్ట్రాన్లు వచ్చి చేరతాయి, బంధకం కాస్తా అర్ధవాహకమవుతుంది. లేత రంగులో ఉండాల్సిన సిరామిక్ బిళ్ల ముదురు నీలంగా బయటికి వస్తుంది. ఆ రంగు గురించి ఒక్క ముక్క రాసినా నీ పేరాకు ప్రాణం వచ్చేది. ఇక ఆ బిళ్లనే సుమారు 120 డిగ్రీల క్యూరీ ఉష్ణోగ్రత (స్ఫటికం తన సహజ విద్యుత్ ధ్రువణాన్ని కోల్పోయే వేడి) దాటించి వేడిచేస్తే నిరోధం వేల రెట్లు పెరుగుతుంది. రేణువుల సరిహద్దుల్లో ఏర్పడే విద్యుత్ అడ్డుగోడలే ఇందుకు కారణమని 1961లో హేవాంగ్ అనే శాస్త్రవేత్త వివరించాడు. తమంతట తామే వేడిని అదుపు చేసుకునే హీటర్లు ఈ గుణం మీదే పనిచేస్తాయి. లాంథనం ఇంకా పెంచితే ఇంకా మంచిదే కదా అని నువ్వు అనుకున్నట్టున్నావు. గాలిలో కాల్చినప్పుడు అది నూటికి ఒక పాలు దరిదాపులకు చేరేసరికి, స్ఫటికం ఆవేశాన్ని ఎలక్ట్రాన్లతో కాక లోహ అయాన్ల ఖాళీలతో సర్దుకోవడం మొదలుపెడుతుంది, బిళ్ల మళ్లీ బంధకమవుతుంది.

నాలుగు ధనావేశాల టైటానియం చోట మూడు ధనావేశాల ఇనుమును పెడితే కథ తిరగబడుతుంది: ప్రతి రెండు ఇనుము అయాన్లకు ఒక ఆక్సిజన్ ఖాళీ ఏర్పడుతుంది, వేడిలో ఆ ఖాళీలు కదిలి కరెంటు కారేలా చేస్తాయి.

అయస్కాంత ధర్మాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బిస్మత్, ఇనుము, ఆక్సిజన్ కలిసిన బిస్మత్ ఫెర్రైట్‌లో ఇనుము స్పిన్‌లు (ఒక్కో ఇనుము అయాన్‌లోని చిట్టి అయస్కాంతాలు) దాదాపు ఎదురెదురుగా నిలిచి, 62 నానోమీటర్లకు ఒక చుట్టు చొప్పున మెలి తిరుగుతూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బిస్మత్ స్థానంలో లాంథనంవంటి వాటిని తగినంత చేరిస్తే ఆ మెలిక చెడి, దాగిన బలహీన అయస్కాంతత్వం బయటపడుతుంది. ఇది నిజమే, కానీ ఇదే పూర్తి కథ కాదు. బిస్మత్ ఆక్సైడ్ 817 డిగ్రీలకే కరిగి, కొలిమిలో కొంత ఆవిరైపోతుంది. లెక్క తప్పి మిగిలిన ఇనుము వేరే ఆక్సైడ్‌గా మారవచ్చు. అలాంటి ఇనుము ఆక్సైడ్ అయిన మాగ్నటైట్ అయస్కాంతీకరణ గ్రాముకు సుమారు 90 ఈఎంయూ (అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం). నమూనాలో అది వెయ్యో వంతు ఉన్నా 0.09 ఈఎంయూ కనిపిస్తుంది, డోపింగ్ ఫలితమని చాటుకోవడానికి అది చాలు. అంత తక్కువ మలినాన్ని స్ఫటిక నిర్మాణాన్ని గుర్తించే మామూలు ఎక్స్‌రే వివర్తనం చాలాసార్లు పట్టుకోలేదు.

నేనూ ఒకప్పుడు ఇక్కడే బోల్తా పడ్డాను. ఒక ప్రయోగశాల ఇచ్చిన అంకెను నమ్మి ఘనంగా వ్యాసం రాశాను. తరవాత అక్కడికి వెళితే, ఒక పరిశోధక విద్యార్థిని పొడిని కాగితం మీద పలచగా పరిచి కింద అయస్కాంతాన్ని మెల్లగా జరిపింది. పొడి కదల్లేదు, అందులోంచి నాలుగైదు నల్లటి నలుసులు మాత్రం లేచి నిలబడి అయస్కాంతం వెంట నడిచాయి. నా వ్యాసమంతా ఆ నలుసుల గురించేనని అప్పుడు తెలిసింది.

విద్యుత్ కొలతల్లోనూ ఇలాంటి బోల్తాలున్నాయి. 2008లో జె.ఎఫ్. స్కాట్ అనే శాస్త్రవేత్త అరటి తొక్కకు ఎలక్ట్రోడ్లు తగిలించి, ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట తానే విద్యుత్ ధ్రువణం ఉండి, వోల్టేజీతో దాన్ని తిప్పగలిగే పదార్థం) అని భ్రమపడదగిన వలయం, అంటే వోల్టేజీ పెంచి తగ్గించినప్పుడు ధ్రువణం మారే తీరు గీత, గీసి చూపాడు. కరెంటు కారే ఏ వస్తువైనా అలాంటి గుండ్రటి వలయమే ఇస్తుంది. కాబట్టి నీ వ్యాసంలోని వలయం కొసలు మొనదేలాయో, గుండ్రంగా ఉన్నాయో ముందు చూడు.

మరొకటి. "ఐరోపాలో సీసం సిరామిక్‌లను నిషేధించారు" అని రాశావు. 2006 జులై నుంచి అమలైన నియమం ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని పరిమితం చేసింది కానీ, బరువులో సగానికి పైగా సీసమే ఉండే పీజోసిరామిక్‌లకు (నొక్కితే కరెంటు పుట్టించే సిరామిక్‌లు) మినహాయింపు ఇచ్చింది. సరిదిద్దు.

రెండో ప్రతిలో ఆ "మెరుగుపడతాయి" వాక్యాన్ని నాలుగు చోట్లా కొట్టేసి, అయాన్ పేరు, అది చేరిన స్థానం, దాని పాలు, కాల్చిన ఉష్ణోగ్రత రాసి పంపు. నమూనాలో మలినం లేదని ఎలా తేల్చారో పరిశోధకులను అడిగి, వాళ్ల జవాబును వాళ్ల మాటల్లోనే చేర్చు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి